పెద్దకొడుకు సెలవు

సౌదీలో, జుబైల్‌లో మా క్యాంపు మెస్‌లో శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కొరియా సినిమా వేస్తారు. కంపెనీ కొరియావాళ్ళది, టీవీ వాళ్ళది, కాబట్టి సినిమా కూడా వాళ్ళదే. మావాళ్ళంతా ఫోన్లు పట్టుకుని రూములకు పోతే నేను మాత్రం మెస్‌లోనే ఉండిపోయేవాణ్ణి. మొదట్లో ఏసీ కోసం కూర్చున్నాను. తర్వాత ఆ సినిమాల పిచ్చి పట్టింది.

కింద ఇంగ్లిష్ అక్షరాలు పడతాయి గానీ, నేను కూడబలుక్కునేలోపే మాయమవుతాయి. పక్కన మా సూపర్‌వైజర్ కూర్చునేవాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ కొరియా మనిషి. పాకిస్తానీ మేస్త్రీలతో ఏళ్ళ తరబడి పనిచేసి హిందీ వంటబట్టించుకున్నాడు. నాకు అర్థంకాని చోటల్లా ఆయనే విడమరిచి చెప్పేవాడు.

మన సినిమాల్లో తండ్రి చనిపోతే కొడుకు కత్తి పడతాడు. వాళ్ళ సినిమాల్లో బల్ల తుడుస్తాడు. దాని మీద అన్నం, చేప, పళ్ళు వరుసగా పేర్చి, తండ్రి పటం ముందు నేలకు తల ఆనించి మొక్కుతాడు. యుద్ధం కథైనా, ఆకలి కథైనా, సైన్యం రాజ్యమేలిన రోజుల్లో కాలేజీ పిల్లలు తూటాలకు కూలిన కథైనా, ఆ బల్ల ఎక్కడో ఒకచోట కనిపించేది. సరిహద్దు అవతల, ఉత్తర కొరియాలో చిక్కుకున్న తండ్రి ఉన్నాడో పోయాడో తెలియక, ఏ రోజు మొక్కాలో పాలుపోని కొడుకు కథ ఒకటి చూశాం. అంతసేపూ నవ్వించి చివరికి అక్కడికి తెచ్చి కూర్చోబెట్టారు. వెక్కి వెక్కి ఏడ్చాను. మా నాన్న పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ నిజం.

ఇంకో సినిమాలో ఒకతను సౌదీకి పనికి వస్తాడు. వెనకటికి కొరియావాళ్ళూ మనలాగే కూలికి ఇక్కడికొచ్చారని, ఈ జుబైల్ రేవు కట్టిన చేతుల్లో వాళ్ళవీ ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. అతనికి తండ్రి పోయిన కబురు వస్తుంది. సెలవు ఇవ్వరు. ఇసుకలో అన్నం పళ్ళెం పెట్టి, తూర్పు తిరిగి మొక్కుతాడు. మా సూపర్‌వైజర్ కళ్ళద్దాలు తీశాడు.

"మా నాన్న కూడా ఇలాగే, ఇక్కడే. పెద్దకొడుకు అయ్యుండి తాతకు మొక్కలేకపోయాడు. పోయేదాకా అదే దిగులు" అన్నాడు.

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఆ మాటను మాత్రం మనసులో ఒక పక్కన పెట్టుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

ఈ ఏడు ఫ్యాక్టరీ ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్ పనులు మొదలుకాబోయే ముందు, మా గ్యాంగులో ఒక్కరికే సెలవు అన్నారు. నా రూములో ఒక వెల్డర్ ఉంటాడు. జగిత్యాల వైపు మా పక్క ఊరివాడు, మా ఇంటినీ మా అన్ననూ బాగా ఎరిగినవాడు, నన్నూ అన్నా అనే పిలుస్తాడు, నాకూ తమ్ముడిలాంటివాడు. అతని భార్యకు నెలలు నిండాయి. మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. అందుకే ఈసారి దగ్గరుండాలని ఆశపడ్డాడు. వెళ్ళి మా సూపర్‌వైజర్ పెద్దాయనను అడిగాడు కూడా.

"నా ఇద్దరు పిల్లలూ నేను సైటులో ఉండగానే పుట్టారు. పుట్టాక చూసుకోవచ్చు" అన్నాడట పెద్దాయన. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. చూద్దామన్నాడట.

నాకూ సెలవు కావాలి. ఊళ్ళో కొత్తిల్లు కడుతున్నాను, స్లాబ్ పడబోతోంది. కూలీలకు కోడికూర వండించి, ఊరందరూ చూస్తుండగా ఆ స్లాబ్ పక్కన నిలబడాలని నా కోరిక. అంతకు మించి పనేమీ లేదు. మరునాడు వెళ్ళి ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"మా నాన్న సంవత్సరీకం ఉంది సార్. నేను పెద్దకొడుకును" అన్నాను.

సంవత్సరీకం కిందటి నెలలోనే అయిపోయింది. చేసింది మా అన్న. నేను రెండోవాణ్ణి. పెద్దాయన నా కాగితం తీసుకుని సొరుగులో పెట్టాడు. రెండు రోజుల తర్వాత నా కాగితం మీద సంతకం పెట్టాడు.

బయల్దేరే రోజు ఆయన మా రూముకొచ్చాడు. తమ్ముడు నా కార్టన్‌కు తాడు బిగిస్తున్నాడు. అందులో అతను పుట్టబోయే తన బిడ్డకు కొన్న మెత్తటి తువ్వాళ్ళు కూడా ఉన్నాయి. పెద్దాయన ఒక పెట్టెను రెండు చేతులతో నాకు అందించాడు. ఎండబెట్టిన నారింజరంగు పళ్ళు, వాళ్ళు బల్ల మీద పెట్టేవే.

"మీ నాన్నకు పెట్టు. ఒకటి మా నాన్నకు కూడా పెట్టు" అన్నాడు.

సినిమాల్లో చూసినట్టే నడుము వంచి, రెండు చేతులతో అందుకున్నాను. తమ్ముడు తల ఎత్తకుండా తాడు ముడి వేశాడు.

ఊరికి పోయాక నాన్న పటం ముందు ఆ పళ్ళు పెడుతుంటే అన్న చూశాడు. "గిప్పుడెందుకురా, పోయిన నెలనే అయిపాయె గద" అన్నాడు. కొరియా పెద్దాయన తండ్రికి ఒక పండు విడిగా పెట్టాను గానీ మొక్కడానికి చేతులు లేవలేదు. స్లాబ్ మాత్రం పడింది. కోడికూర బాగుందని అందరూ అన్నారు.

ఆ వారంలోనే తమ్ముడి భార్యకు కాన్పయింది. కష్టమైన కాన్పు, తల్లీబిడ్డా గట్టెక్కారు. నేను ఆసుపత్రికి వెళ్ళాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది, నన్ను చూసి ఇటు తిరిగింది.

"రాత్రంత ఆయన్నే తలుసుకున్న అన్నా. మీకు దొరికింది గద సెలవు, ఆయనకెందుకు దొరకలే?" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే.

"సార్ ఇష్టం చెల్లె" అన్నాను.

ఆమె తల్లి పాపను తువ్వాలులో చుట్టి నా చేతుల్లో పెట్టి, "వాళ్ళ నాయినకు సూపియ్యి కొడుకా" అంది. వరండాలోకి వచ్చి తమ్ముడికి వీడియో ఫోన్ కలిపాను. హెల్మెట్‌తోనే ఎత్తాడు, వెనక గ్రైండర్ మోత. అతని ముఖం చూశాక ఇక కడుపులో దాచుకోవడం నా వల్ల కాలేదు.

"తమ్మీ, నేను సార్‌కు అబద్ధం చెప్పిన. సెలవు నీకు రావాల్సింది" అన్నాను.

"తెలుసన్నా. సంతకం వెట్టకముందు సార్ నన్ను పిలిచి అడిగిండు, మీ అన్న పెద్దకొడుకేనా అని."

"నువ్వేమన్నవ్?"

"అవుననే చెప్పిన. నిన్నెట్ల అబద్ధాలోణ్ణి జేస్తనన్నా?"

పాపను గుండెకు అదుముకున్నాను.

"జర గిటు దిప్పు అన్నా" అన్నాడు, "మొఖం కనవడ్తలేదు."