మేము పొంగించని పాలు

ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారంలో మా అద్దె ఇంటికి మూడు కిలోమీటర్ల ఆరు వందల మీటర్లు. నా కుర్చీ నుంచి వెనకనున్న వంటగది గుమ్మానికి రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు. మాకు ఉదయం ఆరు గంటలైతే పెరూలో ముందురోజు సాయంత్రం ఏడున్నర. ఇవన్నీ నేను స్వయంగా సరిచూసుకున్నవి. దయ్యాల కథలు చెప్పేవాళ్లు ఒక్క కొలతైనా ఇవ్వరు. అందుకే వాళ్లను నేను ఏనాడూ లక్ష్యపెట్టలేదు.

2012లో నేను నాచారం పారిశ్రామికవాడలో పంపులు తయారుచేసే ఒక సంస్థలో ఇంజనీరును. పెరూలో ఒక గనికి మా పంపులు వెళ్తున్నాయి. వాటిని అక్కడ బిగించి నడిపించేందుకు రెండేళ్ల పోస్టింగు ఉంది. గనివాళ్ల ఇంటర్వ్యూలో స్పానిష్‌లో మాట్లాడాలన్నది షరతు. పదకొండేళ్ల సర్వీసులో నాకు దక్కిన మొదటి అవకాశం అది.

‘ముప్పై రోజుల్లో స్పానిష్’ అని ఉప్పల్‌లో బోర్డు పెట్టిన కోచింగ్ సెంటరుకు ఒకసారి వెళ్లాను. అక్కడి మాస్టారు అంకెలు పది దాటేసరికి పుస్తకం తీశాడు. నేను లేచి వచ్చేశాను.

తర్వాత ఇంటర్నెట్‌లో మార్తా అనే టీచరు దొరికింది. పెరూ మనిషి, స్పానిష్ ఆమె మాతృభాష. వీడియో కాల్‌లో ఒక్కొక్కరికి విడిగా చెప్పేది. పుస్తకం లేదు. విద్యార్థి చుట్టూ కనిపించేదే పాఠం. నా గోడ గడియారం, ఫ్యాను, ఆరేసిన చొక్కా, అన్నిటితోనూ వాక్యాలు చేయించేది. పద్ధతి శాస్త్రీయమే, ఒప్పుకుంటాను.

ఆ ఇంట్లో చేరినప్పుడు మేము పాలు పొంగించలేదు. కొత్త పొయ్యి మీద పాలు పొంగి పొర్లితే శుభమట. పొయ్యి పాడవడం తప్ప దానివల్ల ఒరిగేదేమిటో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. కింది వాటాలోని ఓనరమ్మ మాత్రం మా ఆవిడను నిలదీసింది.

"పాలు పొంగియ్యకుండ ఇంట్లకొచ్చిన్రేంది? ఇల్లు ఊకుంటదా?"

"మా ఆయనకు స్టవ్ తుడవడం ఇష్టం లేదండీ," అంది మా ఆవిడ. "తుడిచేది నేనే అనుకోండి."

నాలుగో పాఠంలో మార్తా మధ్యలో ఆగి, "మీ వెనక పాలు పొంగిపోతున్నాయి," అంది. తిరిగి చూశాను. స్టవ్ వెలగలేదు. పాల ప్యాకెట్ ఇంకా గేటుకు తగిలించిన సంచిలోనే ఉంది. ఆమె నవ్వేసి, అదే వాక్యాన్ని నాచేత స్పానిష్‌లో అనిపించింది.

తర్వాతి వారమూ అదే మాట. స్టీలు గిన్నెల స్టాండు మీద ట్యూబులైటు వెలుగు పడి అలా కనిపిస్తోందని తేల్చి, స్టాండుకు దుప్పటి కప్పాను. అయినా ఆమెకు కనిపించింది. తెరమీద నా వైపు బొమ్మలో నాకు మాత్రం చీకటి గుమ్మమే. మాతృభాష బాగున్నంత మాత్రాన కళ్లు బాగుండాలని లేదు కదా అనుకున్నాను. "పొయ్యి వెలగలేదు, పాలు లేవు, కానివ్వండి" అని స్పానిష్‌లో చెప్పడం నేర్చుకుని ప్రతిసారీ అదే అనేవాణ్ణి. నా ఉచ్చారణను ఆమె మెచ్చుకుంది.

ఇంటర్వ్యూ రోజు పారిశ్రామికవాడకు పవర్ హాలిడే, ఫ్యాక్టరీలో కరెంటు ఉండదు. అందుకని సాయంత్రం ఇంటి నుంచే కూర్చున్నాను. మా ఆవిడ మల్కాజిగిరిలో అక్కగారింటికి వెళ్లి రెండు రోజులైంది. పాలు మాన్పించాం. వీధి తలుపుకు లోపల గడియ వేశాను. చెవులకు హెడ్‌ఫోన్లు, తెరమీద ఇద్దరు గని ఇంజనీర్లు. అంతా సజావుగా సాగుతుండగా, వాళ్లలో పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"మీ వెనక పాలు పొంగుతున్నాయి, ఇంజనీరు గారూ."

నేను తిరగలేదు. "పొయ్యి వెలగలేదు, పాలు లేవు, కానివ్వండి," అన్నాను, ఒక్క అక్షరం తడబడకుండా. వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాతి ప్రశ్నకు జవాబు చెబుతుండగా గ్యాస్ వాసన వచ్చింది.

లేచి వెళ్లి చూస్తే స్టవ్ మీద ఇత్తడి గిన్నె ఉంది. అంచుకు పసుపు రాసి, మెడకు దారం కట్టి ఉంది. పాలు చుట్టూ పొర్లి మంటను ఆర్పేశాయి. నాబ్ తెరిచే ఉంది. నాబ్, రెగ్యులేటరు కట్టేసి కిటికీలు తెరిచాను. గ్యాస్ నిండిన ఇంట్లో ఏ స్విచ్చూ, ఏ యంత్రమూ ముట్టుకోకూడదు. లాప్‌టాప్‌ను అలాగే వదిలేసి వాకిట్లో నిలబడ్డాను. వాసన పోయి లోపలికి వెళ్లేసరికి తెరమీద ఎవరూ లేరు.

పోస్టింగు మా సెక్షన్‌లో మరొకతనికి వెళ్లింది. అతనికి వచ్చిన స్పానిష్ రెండు మాటలు, నమస్కారం, ధన్యవాదాలు. అందులో ఒకటి తప్పు పలుకుతాడు.

గనివాళ్లకు మార్తాయే ముందుగా చెప్పి ఉంటుందని అనుమానించి, ఆ సంగతే ఆమెకు రాశాను. "వాళ్లెవరో నాకు తెలియదు. ఆ రోజైనా లేచి పొయ్యి ఆర్పారా?" అని జవాబు వచ్చింది. మళ్లీ పాఠం చెప్పలేదు.

కంగారులో నేనే పాలు పెట్టి మరిచిపోయానని మా బావమరిది సిద్ధాంతం. లేని పాలను ఎలా పెట్టానో అతను చెప్పడు. "మీరు జెయ్యకపోతిరి సారూ, ఇల్లే జేస్కున్నది," అని ఓనరమ్మ. రెండు వివరణలనూ ఒకే చెత్తబుట్టలో వేశాను. మూడోది నా దగ్గర లేదు, ఇన్నేళ్లయినా.

పోయినవి: రెండేళ్ల పోస్టింగు, మూడు నెలల పాఠాల ఫీజు, కొంత గ్యాసు, ఒక మంచి టీచరు. మిగిలింది: ఒక ఇత్తడి గిన్నె. అది మాది కాదు. ఓనరమ్మదీ కాదు.