వాన గురించిన ప్రశ్న

పందొమ్మిదివందల యాభైల్లో నేను కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లెలో బడిపంతులుగా ఉండేవాణ్ణి. ఒక ఏడు బడి తెరిచిన కొత్తలో కర్నూలు నుంచి ట్రెయినింగు కాలేజీ లెక్చరరు ఒకాయన వచ్చారు. పిల్లల తెలివిని కొలిచే ప్రశ్నల పుస్తకాలు రెండు తెచ్చారు. ఒకటి ఇంగ్లండు నుంచి వచ్చినదానికి తెలుగు. రెండోది దాన్నే మన పిల్లలకు తగ్గట్టు సవరించినది. పిల్లలందరినీ ముందు పాతదాంట్లో, సరిగ్గా వారానికి కొత్తదాంట్లో అడిగి, తేడా చూడడం ఆయన పని.

మా అయిదో తరగతిలో ఒక మెట్టరైతు కూతురు ఉండేది. ఒకసారి విన్న పాఠం మరిచేది కాదు. కర్నూలు బాలికల హాస్టల్లో ఉచిత సీటు ఒకటి ఉందనీ, మార్కులు బాగుంటే సిఫారసు రాస్తాననీ లెక్చరరు అన్నారు. అది దక్కకపోతే ఆమె చదువు ఆ ఏటితో సరి.

మొదటి రోజు పాత పుస్తకం. జవాబులు నేను రాసుకున్నాను.

"రైలు అందకపోతే ఏం చేస్తావమ్మా?"

ఆమె రైలు చూసి ఎరగదు. "నడ్సుకుంటా పోతా సార్."

"బడికి బయల్దేరేటప్పుడు వానొస్తే?"

"బడికి రాను సార్. చేనికి పోతా."

"గొడుగు తీసుకోవా?"

"గొడుగు పట్టుకుంటే ఇత్తనమెట్లేసేది సార్?"

కిటికీ దగ్గర చేరిన పిల్లలు కిసుక్కున నవ్వారు. లెక్చరరు కూడా నవ్వి, సున్నా వేశారు. చివరికి ఆమె మార్కులు మందబుద్ధి అన్న గడిలో పడ్డాయి.

"దిగులు పడకండి మాస్టారూ," అన్నారాయన నా ముఖం చూసి. "కొత్తదాంట్లో రైలూ గొడుగూ తీసేశాం. వచ్చే సోమవారం అందులో బాగా చెబితే దాని మీదే సిఫారసు రాస్తాను. ఆ మధ్యాహ్నమే నేను కడప వెళ్లాలి. పిల్లను తప్పక రమ్మనండి."

ఆదివారం వాన పడింది. మర్నాడు బడి సగం ఖాళీ. నేను ఆమె కోసం చేనికే పోయాను. తండ్రి ఎద్దులను కట్టి విత్తే గొర్రు తోలుతున్నాడు. ఆమె వెనకే నడుస్తూ జొన్న విత్తనం వదులుతోంది.

"ఒక్క గంట పంపప్పా," అన్నాను.

"నేల పదును ఆరిపోతాది సార్. ఇంట్లో వీళ్లమ్మ బాలింత. ఇంగెవురుండారు నాకు?" ఎద్దులను ఆపకుండానే అన్నాడు.

ఆమె మాత్రం నా వైపు తిరిగింది. "రేపడగమని చెప్పండి సార్. రేపొస్తా."

ఆ మాటే చెప్పాను. లెక్చరరు మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. గడువు మారితే పోలిక చెడుతుందన్నారు, పాత మార్కుల మీద సిఫారసు రాయలేనన్నారు. బస్సెక్కి వెళ్లిపోయారు.

తర్వాత ఆయన నివేదిక నాకు పంపారు. సవరించిన పుస్తకమే మన పిల్లలకు మేలని తేలింది. నిజమే, మా బడిలోనూ దాదాపు అందరికీ మార్కులు పెరిగాయి. రెండూ చెప్పినవాళ్లనే లెక్కలోకి తీసుకున్నారు కనుక ఆమె అందులో లేదు.

ఆ వాన తర్వాత మళ్లీ చినుకు లేదు. నా డైరీలో రోజూ వాతావరణం రాసే చోట వరసగా ఎండ అనే ఉంది. జొన్న జానెడు ఎదిగి మాడిపోయింది. దసరా సెలవుల తర్వాత హాజరు పిలుస్తూ ఆమె పేరు దగ్గర ఆగాను.

"కాలువ తవ్వే పనికి పొయినారు సార్, ఇంటిల్లిపాదీ," అన్నాడొక పిల్లవాడు.

"ఆమె కూడానా?"

"తట్ట మోసేకి, సార్."