తనిఖీ మానేసిన రెండేళ్లు

ఆవిడ హోటళ్లను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. వంటగదిలో అడుగు పెడుతూనే "ముందు దానిమీద మూత పెట్టండి" అంటుంది కాబట్టి హోటళ్లవాళ్లు ఆవిడకు మూతమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. వీధిలో స్కూటర్ ఆగిన చప్పుడైతే చాలు, లోపల గిన్నెలన్నీ గణగణమనేవి.

ఏళ్ల తరబడి అలా తిరిగాక ఆవిడను ఒక సందేహం పట్టుకుంది. నేలలు కడిగించింది, నీళ్ల తొట్లు మార్పించింది, జరిమానాలు వేసింది. అయినా వాంతులు, విరేచనాలతో జనం ఆస్పత్రికి వస్తూనే ఉన్నారు. ఒంట్లో బాగాలేని వంటవాళ్లు ఇంట్లో పడుకోకుండా పొయ్యి దగ్గరికి ఎందుకొస్తున్నట్టు?

ఆ రోజుల్లోనే యూనివర్సిటీ ప్రజారోగ్యంలో పీజీ పరిశోధనకు స్కాలర్‌షిప్పులు ప్రకటించింది. ఉద్యోగులు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు, కాకపోతే చదివినన్నాళ్లూ ఉద్యోగం జోలికి పోకూడదు.

"ఈ వయసులో చదువేంటని నవ్వుతారేమో" అంది ఇంట్లో.

మొగుడు లారీ మెకానిక్కు. చేతుల గ్రీజు తుడుచుకుంటూ, "నవ్వే నోళ్లకీ మూత పెట్టించు. నీకు అలవాటేగా" అన్నాడు.

మొదటిసారి రాలేదు. ఊరి తిండి మొత్తాన్నీ పరిశోధిస్తానని రాస్తే, ఇంటర్వ్యూలో "ఇది ఒక మనిషికి అయ్యే పని కాదమ్మా" అన్నారు. మరుసటేడు ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్లింది: జ్వరమొచ్చినా వంటవాడు పనికెందుకొస్తాడు? ఈసారి స్కాలర్‌షిప్ వచ్చింది.

తీరా మొదలుపెడితే ఎవరూ నోరు విప్పరు. "జ్వరమా? మాకెప్పుడూ రాలేదండీ" అంటారు. ఊళ్లో వంటవాళ్లందరివీ ఉక్కు శరీరాలే అన్నమాట! "వాళ్లకి మీలో ఇంకా ఇన్‌స్పెక్టరే కనిపిస్తోంది" అంది యూనివర్సిటీలో ఆవిడ గైడు.

చివరికి, ఒకప్పుడు తను మూయించిన హోటలు యజమానే లోపలికి రానిచ్చాడు.

"ఇవాళ ఎవరిగా వచ్చారు మేడం?"

"స్టూడెంటునండీ."

"అయితే కూర్చోండి. ఈ టీ భయంతో ఇస్తున్నది కాదు."

ఉల్లిపాయల బస్తాల పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. వంటవాళ్లకు ముందే చెప్పింది: "మీ పేర్లు బయటపెట్టను. తినేవాళ్లకి ముప్పని తెలిస్తే మాత్రం ఊరుకోలేను." మెల్లగా మాటలు కలిశాయి.

ఒక ఉదయం పెద్ద వంటమాస్టరు కడుపు పట్టుకుని మాటిమాటికీ పెరట్లోకి వెళ్లొస్తున్నాడు. వచ్చి మళ్లీ గరిటె పట్టుకుంటున్నాడు. ఆవిడ లేచింది.

"మాస్టారూ, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆయన గరిటె పక్కన పెట్టాడు. వెళ్లి యజమానికి తనే చెప్పాడు. యజమాని గొణుక్కుంటూ గరిటె అందుకున్నాడు. మాస్టరు ఇంటికి పోయాడు, ఆ రోజు కూలీ పోయింది.

మర్నాటినుంచి ఆవిడ కనిపిస్తే అందరూ గిన్నెల్లోకి తలదూర్చేవాళ్లు. చేసింది తప్పు కాదని తెలుసు. అయినా వారంపాటు అన్నం సయించలేదు.

నెల దాటాక మాస్టరే వచ్చి ఎదురుగా బోర్లించిన డబ్బామీద కూర్చున్నాడు.

"కూలీ పోయిందని రాసుకున్నారా?"

"రాసుకున్నాను."

"అది సగమేనమ్మా. నేను నాలుగు రోజులు పడుకుంటే నా పొయ్యి దగ్గర ఇంకొకడు నిలబడతాడు. వాడి చెయ్యి బాగుందంటే ఇక నాకు చోటేదీ? అదీ రాసుకోండి."

ఆయన మాట్లాడాక మిగతావాళ్లూ మాట్లాడారు. అందరి మాటల అడుగునా అదే భయం. ఆవిడ పరిశోధనలో తేలింది కూడా అదే.

పట్టా వచ్చింది. మళ్లీ ఉద్యోగంలో చేరింది. పై అధికారి థీసిస్ చదువుతానని తీసుకుని అల్మారాలో పెట్టాడు. అల్మారాను నమ్ముకోకుండా ఆవిడ హోటళ్ల చుట్టూ తిరిగింది. ఆరుగురు యజమానులు ఒప్పుకుని, అందరికీ కలిపి ఒక మారు వంటవాణ్ణి పెట్టుకున్నారు. ఎవరికి ఒంట్లో బాగాలేకపోతే అక్కడికి వెళ్తాడు, వాళ్లు రాగానే తప్పుకుంటాడు, ఎవరి పనికీ ఎసరు పెట్టడు. ఆ పనికి పెద్ద మాస్టరే కుదిరాడు.

విరేచనాల కేసులు కొంచెం తగ్గాయి. దీనివల్లే తగ్గాయని ఆవిడ మాత్రం అనదు. అది తేలాలంటే ఇంకో పరిశోధన జరగాలి. దానికీ స్కాలర్‌షిప్ ఉందని తెలిసి మొన్ననే దరఖాస్తు పెట్టింది.