గల్లీ మొత్తానికి డౌన్‌లోడ్ నేర్పించిన ఘనత నాదే

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం రెండయ్యేసరికి నిర్మల్‌లో మా గల్లీ ఆడవాళ్లంతా ఒళ్లో చాటలు పెట్టుకుని మా ఇంటి అరుగు మీద బీడీలు చుట్టేవారు. మధ్యలో ఒక స్టీలు గిన్నె, గిన్నెలో మా ఫోను. అట్లా పెడితే పాట గట్టిగా వినిపిస్తుందని కనిపెట్టింది మా అమ్మీ. దుబాయ్ నుంచి మా అబ్బా పంపిన ఫోను అది. ఇంటి లోపల మాకు ఉర్దూ, అరుగు మీదికి వస్తే తెలుగు...

ఆ ఫోన్‌లో నెట్ వస్తుందని, నెట్‌లో పాటలు ఊరికే దొరుకుతాయని ముందుగా కనుక్కున్నది మాత్రం నేనే. అప్పుడు నాది ఎనిమిదో తరగతి. ఇక నా పోజు చూడాలి!

ఒక్కొక్కరే ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. సగం మందికి చదువు రాదు. అందుకని "ఆకుపచ్చ డబ్బా నొక్కుండ్రి, మెరిసేదాన్ని మాత్రం ముట్టకుండ్రి" అని నేర్పించాను. మెరిసేవన్నీ ప్రకటనలే. వాళ్లలో రాజవ్వ అని ఒకామె సరిగ్గా దాన్నే నొక్కేది. బ్యాలెన్సంతా ఊడ్చుకుపోయాక నన్ను తిట్టేది. పాట దిగడానికి ఎన్ని నిమిషాలో మాకెవరికీ తెలియదు... ఇరవై బీడీలు చుట్టేలోపు ఒక పాట, అంతే. సిగ్నల్ బాగాలేని రోజు కట్టన్నర బీడీలు.

మా అరుగు మీద నర్సక్క అని ఒకామె ఉండేది. పాటలు కట్టేది. చేతులు ఆకు చుడుతుండగానే నోట్లో పాట తయారయ్యేది... మస్కట్ పోయిన మొగుడి మీద, కోసినకొద్దీ తరగని బీడీల తునికాకు మీద, ఒక్కోసారి మా రాజవ్వ మీద కూడా. ఆమె గొంతు బాగుందని బస్టాండు దగ్గర సీడీల దుకాణం సేటు ఆమెతో నాలుగు పాత బతుకమ్మ పాటలు పాడించి సీడీ తెచ్చాడు. అట్ట మీద నర్సక్క ఫోటో! "గివి అమ్ముడువోతె వచ్చే ఏడు నీ సొంత పాటలు తీస్త" అన్నాడట. ఇక అప్పటి నుంచి ఆమెకు అదే ధ్యాస. ఏ పాట ముందుండాలి, ఏది వెనక... రోజూ మమ్మల్ని అడిగేది. మేం చెప్పింది ఒక్కటీ వినేది కాదు.

బతుకమ్మ పండగకు ముందే ఆ సీడీ పాటలు నాకు నెట్‌లో కనిపించాయి. ఎవరు పెట్టారో ఏమో... నేనైతే ఎగిరి గంతేశాను. రెండు రోజుల్లో మా గల్లీలో నర్సక్క పాట లేని ఫోను లేదు. పక్క గల్లీకి పోయి మరీ నేర్పించి వచ్చాను.

ఆ వారమే బడిలో కంప్యూటర్ సారు చెప్పాడు... పాడినవాళ్లనూ తీసినవాళ్లనూ అడగకుండా పాట దించుకోవడం చట్టం ప్రకారం తప్పని. బడి వదలగానే పరుగెత్తాను. ఇంటికొచ్చి అరుగు మీదున్న అమ్మీకి చెప్పాను.

"పక్కింట్ల కరివేపాకు రెమ్మ దెంపినా అడిగే దెంపుతం గదనే. పో, నర్సక్కను అడుగు," అంది అమ్మీ.

అడిగాను. నర్సక్క పడీ పడీ నవ్వింది.

"నా పాట నా గల్లోళ్లు వింటె తప్పేందే? పోలీసోళ్లు వస్తె నా పేరు చెప్పు. జర వాళ్లకు గూడ వినిపియ్యి!"

ఆమే సరే అన్నాక ఇంకేం కావాలి? సేటును కూడా అడగాలని నాకు తట్టలేదు... నిజం చెప్పాలంటే, తట్టినా అడిగేదాన్ని కాదు.

పండగ అయిపోయింది. సేటు పిలిపించాడని నర్సక్క ఒకరోజు ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని పోయింది. తిరిగొచ్చి ఎప్పటిలాగే చాట ఒళ్లో పెట్టుకుంది.

"ఏమాయె?" అడిగింది అమ్మీ.

"సీడీలన్నీ గట్లనే ఉన్నయి. అందరి ఫోన్లల్ల ఊరికే వస్తుంటె ఎవ్వలు కొంటరు అన్నడు. ఇగ నా పాటలు తియ్యడట."

అందరూ నా వైపే చూశారు. నేను లోపలికి పోయి బియ్యం డబ్బా వెనక కూర్చుని ఏడ్చాను. నర్సక్కే వచ్చి లేపింది.

"నువ్వెందుకు ఏడుస్తున్నవే షబానా? నేనే గద వినుండ్రి అన్న. ఫికర్ చెయ్యకు. పా, ఏదన్న పాట పెట్టు."

పెట్టాను. ఎవరి పాటో గుర్తు లేదు. తర్వాత కూడా నర్సక్క పాటలు కట్టింది, పాడింది. ఏది ముందు, ఏది వెనక అని మాత్రం ఇంకెప్పుడూ అడగలేదు... ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చని మాకు తెలుసు. రోజూ పాడుతూనే ఉంటుంది కదా అని ఒక్కరం కూడా ఆ బటన్ నొక్కలేదు.

ఇప్పుడు నేను ఆదిలాబాద్‌లో పిల్లలకు కంప్యూటర్ నేర్పిస్తున్నాను. మొదటి వారంలోనే "పాటలు ఎట్ల దించాలె మేడం?" అంటారు. ముందు అది ఎవరిదో, వాళ్లు ఊరికే ఇస్తున్నారో లేదో చూడమంటాను. "అందరు చేస్తుండ్రు గద మేడం!" అంటారు. కోపం రాదు... నన్ను నేను చూసుకున్నట్టే ఉంటుంది.

నర్సక్క చనిపోయి నాలుగేళ్లయింది. ఈ రోజుల్లో నెలకింత అని కడితే లోకంలో పాటలన్నీ మన చేతిలోనే. ఆమె సొంత పాట మాత్రం ఒక్కటీ లేదు. కొనుక్కుందామన్నా లేదు... దొంగతనంగా దించుకుందామన్నా లేదు.

రాగాలు నాకు గుర్తున్నాయి, మాటలే సగం సగం. మీ ఇళ్ల దగ్గర ఇట్లా పాటలు కట్టేవాళ్లు ఉంటే వాళ్ల పేర్లు రాయండి, చదవాలని ఉంది. మా గల్లీ వాళ్లెవరైనా ఇది చూస్తుంటే... నర్సక్క పాట ఒక్క చరణం గుర్తున్నా సరే, కింద పెట్టండి. ఈసారి ఆమె పేరు రాసి దాచుకుంటాను.