ఉభయ కుశలోపలి

మాస్టారు పోయారన్న కబురు కలకత్తాలో మా వాట్‌గంజ్ టీకొట్టు దగ్గర తెలిసింది. చెప్పినవాడు కళ్ళు తుడుచుకుంటూ, "ఆయనుండబట్టి గానీ మన తాతల ఉత్తరాలు ఎవుడు సూస్తాడు గురువా" అన్నాడు. నాకు దుఃఖం వచ్చింది. దానికన్నా అర గుక్క ముందు ఇంకో మాట వచ్చింది: ఆ ఉత్తరాలు రాసింది నేను కదా అని. చావు కబురు దగ్గర కూడా అసూయ ముందు బెంచీలోనే కూర్చుంటుందని ఈ వయసులో తెలిసింది.

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. రేవులో బస్తాలు మోసి, మంగలి కొట్టులో క్యాలెండర్లు చూసి అక్షరాలు పట్టుకున్నాను. అప్పట్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కూలీలకి ఆ మాత్రం కూడా రాదు. ఆదివారం పూట పోస్టుకార్డులు పట్టుకుని నా గుమ్మంలో కూర్చునేవారు. గేదె ఈనిందా, గోడ నిలబడిందా అని రాయమనేవారు గానీ పెళ్ళాం ఎలా ఉందని అడిగినవాడు లేడు. ఆ వాక్యం నేనే కలిపేవాణ్ణి. ఒకావిడ రైలెక్కి వచ్చి, "ఆ మెత్తటి మాటలు ఆయనవా, నీవా" అని నన్నే నిలదీసింది. ఆయనవేనన్నాను. దారి తప్పాను, మాస్టారి దగ్గరికి వస్తాను.

ఆయన మా పేట తెలుగు బడి పంతులు. రిటైరయ్యాక అందరూ బీపీ మాత్రలు లెక్కపెట్టుకుంటే, ఆయన పాత కాగితాలను కంప్యూటర్లో దాచడం నేర్పుతున్నారని విని ఒక యూనివర్సిటీకి పోయి, మనవల ఈడు పిల్లల మధ్య రూళ్ళ నోటుబుక్కుతో కూర్చున్నారు. మనబోటివాళ్ళ కార్డుముక్కలకీ అక్కడ చోటుందనీ, అడిగితే స్కానరు అరువిస్తారనీ మాకు చెప్పింది ఆయనే. తర్వాత హౌరాలో రైలెక్కి ఆ కూలీల ఊళ్ళన్నీ తిరిగారు. పాత ఇళ్ళల్లో కార్డులు ఇనప తీగకి గుచ్చి ఉంటాయి కదా. ఒక్కొక్కటీ తీసి, రెండు వైపులా ఫొటో పట్టి, మళ్ళీ అదే వరసలో గుచ్చేవారట. "తీగ మీద వరస కూడా ఉత్తరమే" అనేవారు.

తిరిగొచ్చి తిన్నగా మా ఇంటికి వచ్చారు.

"దాదా, దొరికిపోయినావు."

"ఏటి మాస్టారూ?"

ఫోను నా ముందు పెట్టారు. ప్రతి కార్డూ ఒకేలా మొదలైంది: ఉభయ కుశలోపలి. అది కుశలోపరి అని నాకు అప్పుడే తెలిసింది. ఎవరో చదువుతుంటే చెవిన పడ్డ మాట. రెండు కుటుంబాల లోపలి క్షేమం అనుకుని ఏళ్ళ తరబడి రాశాను. చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ నాలాంటివాళ్ళే, ఎవరు దిద్దుతారు? మాస్టారు దగ్గొచ్చేదాకా నవ్వారు.

"దిద్దీసి పెట్టండి. లోకమంతా సూస్తాది" అన్నాను.

"దిద్దను. ఇదంతా ఒక్క చెయ్యేనని నాకు చెప్పింది ఈ 'లి'యే. దిద్దీస్తే నువ్వు కనపడవు."

"అయితే నా పేరెయ్యకండి."

వెయ్యలేదు. 'రాసినవారు' అన్న గడిలో 'తెలియదు' అని పెట్టారు. ఆ పనికి ఆయనకు శాలువా కప్పిన రోజున నాలుగో వరసలో కూర్చుని పాన్ నమిలాను. సున్నం ఎక్కువై నోరు పొక్కింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చి, "పేరెయ్యమంటావా?" అని అడిగేవారు. వద్దనేవాణ్ణి. మళ్ళీ వారం వస్తారో రారోనని గుమ్మం వైపు చూస్తూనే ఉండేవాణ్ణి.

ఆ మధ్య ఆయనా, కోడలూ కలిసి చేతిరాత చదవడం కంప్యూటరుకి నేర్పారు. కోడలు బెంగాలీ అమ్మాయి, మామగారి దగ్గరే తెలుగు దిద్దుకుంది. పాఠానికి నా కార్డులే పెట్టారు. అది నా రాతని గడగడా చదివేది. మాస్టారి ముత్యాల్లాంటి అక్షరాలు పెడితే తడబడేది.

"జీవితమంతా గుండ్రంగా రాసినాను దాదా. దీనికి నీ కోడికాళ్ళే నచ్చినాయి" అన్నారు. ఆ మొహంలో ఉన్నది నేను చప్పున గుర్తుపట్టాను. చాలాకాలం నా మొహంలోనే ఉన్నది కదా. ఆ రోజు టీ రెండుసార్లు తాగాను. దాచడమెందుకు.

పదకొండో రోజు భోజనాలయ్యాక కోడలు నన్ను పిలిచింది. "కాకూ, ఇది మీకు" అంది, బాబాయి వరస కలిపి. చివరి వారం మంచం దిగలేక నాకు కార్డు రాసి పెట్టారట. ఇంట్లో ఏ కాగితం దొరికినా కంప్యూటరుకి చూపించడం వాళ్ళ అలవాటు కాబట్టి అదీ తెర మీద ఉంది. ఎడమ వైపు మాస్టారి గుండ్రటి అక్షరాలు: దాదాకి, ఉభయ కుశలోపరి. పేరు సంగతి ఏటి చేసినావు?

కుడి వైపు కంప్యూటరు చదివింది: దాదాకి, ఉభయ కుశలోపలి.

"మెషిన్ తప్పు చదివింది కాకూ. ఠీక్ చేసెయ్యనా?"

"చెయ్యాలమ్మా. ఆయన రాసింది ఆయనదే. ముందు ఆ 'తెలియదు' తీసీసి నా పేరెయ్యి. 'రి' రేపు దిద్దుదువుగాని."

ఆమె నా పేరు కొట్టి, తెర అలాగే వదిలి, టీ పెట్టడానికి లేచింది. నేను కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను. ఒక పక్క ఆయన 'రి', ఒక పక్క నా 'లి', మధ్యలో తీగ దూరిన కన్నమంత ఖాళీ.