గీత దాటాక అన్న మాట

గీత దాటిపోయాక నేను "ఇప్పుడు" అన్నాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా డైరీలో కూడా ఆ రోజు పేజీ ఖాళీగానే ఉంది.

మార్కాపురంలో నలభై ఏళ్లుగా ఇనుము కోసే లేతు మిషను నడిపిన మా పెదనాయన ఓబులేసు గారు పదహారు రోజుల కిందట కన్నుమూశారు. పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నారు. పెద్దమ్మ పిలిస్తే పలకలేదు. వార్త తెలిసేటప్పటికి నేను మిద్దె మీద ఆరిన బట్టలు తీస్తున్నాను. తీసినవన్నీ తిరిగి తీగ మీద వేసి కిందికి దిగాను. ఎందుకు వేశానో తెలియదు. అప్పటి నుంచి నాకు చాలా సంగతులు తెలియడం లేదు.

పలకల మిషన్లు నడిపేవారికి, బోరు మోటార్లు బాగుచేసేవారికి ఆయన పనితనం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ చివరి నెలల్లో ఆయన గురించి మీరు నమ్మినది ఒకటి నిజం కాదు. దాన్ని సరిచేయడానికే రాస్తున్నాను.

లేతు ముందువైపు పొడవునా ఒక మరల కడ్డీ ఉంటుంది. లీడ్ స్క్రూ అంటారు. అది తిరుగుతూ, మర కోసే టూలును ముందుకు నడిపిస్తుంది. దాని మరలు ఎంత నిజంగా ఉంటే, ఆ లేతు మీద కోసే ప్రతి మరా అంత నిజంగా వస్తుంది. పెదనాయన చేసినవన్నీ పొట్టి పనులు కావడంతో, ఆయన నిలబడేచోట ఆ కడ్డీ అరిగి సన్నబడింది. అటు చివర మాత్రం కొత్తదానిలా ఉండేది. "అన్నా, నట్టు సగందాకా ఎక్కి పట్టేస్తాంది" అని ఒకాయన వెనక్కి తెచ్చిన రోజు పెదనాయన అన్నం తినలేదు.

గిద్దలూరులో లేతు ఉన్న ఆయన స్నేహితుడు మస్తాన్ చిన్నాయన సులువైన దారి చెప్పారు.

"కడ్డీని అటుదిటు తిప్పి బిగిస్తే సరిపాయె. నాలుగేండ్లు తోల్తాది."

"నాలుగేండ్లు అబద్ధం కోయమంటావా? కొత్తది కోస్తా. నీ లేతియ్యి."

అట్లా మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కి రోజూ గిద్దలూరు పోవడం మొదలైంది. దగ్గరి చూపు తగ్గిందని నన్ను వెంట తీసుకుపోయేవారు. అంత పొడవు కడ్డీకి మర ఒక్కసారిగా దిగదు. వెంట్రుక మందం చొప్పున పదే పదే కోయాలి. ప్రతిసారీ టూలు పాత గాడిలోనే పడాలంటే, లేతు మీది చిన్న డయల్లో ఒకటో అంకె గీతకు తగిలిన క్షణంలోనే లివరు వేయాలి. ఆ క్షణాన "ఇప్పుడు" అనడమే నా పని. ఇంట్లో చుట్టాలొస్తే వంటింట్లోకి పోయే నాకు, రోజంతా ఒకే మాట చాలిన ఆ పని ఎంతో నచ్చింది.

ఒక కోత పూర్తయ్యేదాకా నాకు పని ఉండేది కాదు. అందుకే న్యూస్ పేపరు అట్ట వేసిన నవల ఒకటి ఒడిలో పెట్టుకునేదాన్ని. నాలుగో రోజు తల ఎత్తేసరికి ఒకటో అంకె గీత దాటుతోంది. కంగారుపడి "ఇప్పుడు" అన్నాను. ఆయన నా మాట నమ్మి లివరు వేశారు. టూలు గాడిని వదిలి గట్టును చీల్చుకుంటూ పోయింది.

"ఏందన్నా, ఏమాయె?" అంటూ మస్తాన్ చిన్నాయన పరుగెత్తుకొచ్చారు.

పెదనాయన మిషను ఆపి, చీలిన చోట వేలితో తడిమారు. "లివరు లేటుగా ఏసినా. చూపు ఆనలే" అన్నారు.

నేను ఒడిలోని నవలను వెనక్కి దాచుకున్నాను.

ఆ మాట రైలు కంటే ముందే మార్కాపురం చేరింది. ఓబులేసుకు కండ్లు పోయినాయన్నారు. పొదిలి నుంచి వచ్చిన ఒకాయన, బాగుచేయమని ఇచ్చిన షాఫ్టు తిరిగి అడిగాడు. "పెద్దోనివైతివి, ఇంక రెస్టు తీసుకోన్నా" అన్నాడు నవ్వుతూనే. పెదనాయన ఆ షాఫ్టును గుడ్డతో శుభ్రంగా తుడిచి ఇచ్చారు. టీ గ్లాసులు పట్టుకుని నేను అక్కడే ఉన్నాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

ఆయన ఇంకొక కడ్డీ తెచ్చి మొదటి నుంచి మొదలుపెట్టారు. డయల్ దగ్గర మళ్లీ నన్నే నిలబెట్టారు.

"పాపను ఇంటికాడ ఉండనీన్నా, నేను జూస్తా గదా" అన్నారు మస్తాన్ చిన్నాయన.

"నువ్వు నిలబడితే ఊర్లో కతలన్నీ చెప్తావు. పాప కావాల్సిన మాటే చెప్తాది."

ఆయనకు తెలిసి అన్నారా, తెలియక అన్నారా? ఈ పదహారు రోజుల్లో ఆ మాటను ఎన్ని విధాల తిప్పి చూశానో లెక్క లేదు. ఆ తరువాత నేను పుస్తకం పట్టుకుపోలేదు. కళ్లు నీళ్లు కారేదాకా డయల్ వైపే చూశాను. రెండో కడ్డీ పూర్తయింది. దాన్ని బిగించకముందే ఆయన పోయారు.

పదకొండో రోజు ముగిశాక మస్తాన్ చిన్నాయన వచ్చి దాన్ని మా లేతుకు బిగించారు. ఒక బోల్టుకు మర కోసి నట్టు వేస్తే, వేలితో తోసినంతలో చివరిదాకా పోయింది. చూడవచ్చినవాళ్లలో ఒకరు, "కండ్లు ఆనని మనిషి ఇంత సాపుగా ఎట్ల కోసినాడబ్బా!" అన్నారు.

ఆయన చేయి తప్పలేదు. చూపూ తప్పలేదు. తప్పింది నా మాట. ఇది చదివినవారు ఇక మీదట ఓబులేసు గారి గురించి చెప్పుకునేటప్పుడు ఈ ఒక్కటి మార్చి చెప్పుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను. మార్కాపురంలో లేతులు ఇంకా ఉన్నాయి. అరిగిన కడ్డీతో నాలుగేళ్లు నడపడానికి ఒప్పుకోని మనిషి మళ్లీ దొరకడు.

ఆ రెండో కడ్డీని పాత పంచెలో చుట్టి, సీటు కింద పెట్టి, రైల్లో ఇంటికి తెచ్చుకున్నది ఆయన పోవడానికి ముందురోజే. స్టేషనులో దిగి, కడ్డీకి చెరో చివర పట్టుకున్నాము. ముందు నడుస్తున్న పెదనాయన వెనక్కి తిరగకుండానే నాతో అన్నారు.

"అట్టేసిన ఆ పుస్తకం, పాపా, ఆ పొద్దు కాడ్నించి నీ చేతిలో కనపడలే. సగంలో ఇడ్సిపెట్టమాక. సదువు."