పసుపు పెట్టిన నోటీసు

తవిటయ్యకి ఎత్తంటే భయం లేదు. కార్ఖానాలో నలభై అడుగుల పైన క్రేన్‌లో కూర్చుని ఎర్రగా కాలిన ఇనుము మీదుగా రోజుకి వందసార్లు అటూ ఇటూ తిరిగే మనిషి. పోస్ట్‌మేన్ సైకిల్ బెల్లు వినబడితే మాత్రం దొడ్డిదారి పట్టేవాడు.

ఊరికే కాదు. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి జంషెడ్‌పూర్ వచ్చిన తవిటయ్య కద్మా పేట దాటాక రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి అప్పు ఒక సొసైటీది. ఇంటి పన్ను, బీమా కూడా నెల కిస్తీలోనే కలిపి సొసైటీయే వసూలు చేసి కట్టేది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగితే తవిటయ్య ఎందుకవుతాడు? టాటానగర్ స్టేషన్ దగ్గర టిఫిన్ హోటల్ పెట్టి నిండా మునిగాడు. అప్పులవాళ్లు కోర్టుకెక్కారు. 1978లో దివాలా కోర్టు ఒక దారి చూపింది. నాలుగేళ్లు నెలకి డెబ్బై అయిదు రూపాయలు కోర్టులో కట్టాలి, సొసైటీ కిస్తీ తప్పకూడదు. ఏది తప్పినా ఇల్లు వేలం.

రెండేళ్లు కడుపు మాడ్చుకుని కట్టారు. అప్పుడు సొసైటీ నుంచి ఉత్తరం వచ్చింది.

ముద్ర ఉన్న కాగితం ఏది వచ్చినా భార్య నూకమ్మ దాన్ని పైడితల్లి పటం ముందు పెట్టి, నూనెలో తడిపిన పసుపూ కుంకుమా అద్ది, గురువారం దాకా విప్పనిచ్చేది కాదు. గురువారం పక్కింటాయన చదివాడు. పన్నూ బీమా పెరిగాయి, కిస్తీ తొంభై నుంచి నూట పద్దెనిమిదైంది.

"కోర్టుకెల్లి సెప్పయ్యా," అంది నూకమ్మ.

"ఏటని సెప్పీది? కట్టలేనని నా నోటితో నేనే ఒప్పుకుంటే ఆ పూటే ఇల్లు లాగీసుకుంటారు."

అంత భయం. ఆ భయంలోనే తెలివి చూపించాడు. సొసైటీకి పూర్తిగా కట్టి, కోర్టు సొమ్ములో ఇరవై ఎనిమిది తనే కోసుకున్నాడు. మూడు నెలలు కోర్టు గుమాస్తా మారుమాట లేకుండా పుచ్చుకున్నాడు. నాలుగో నెల సమను వచ్చింది. ఇచ్చిన ఏర్పాటు ఎందుకు రద్దు చేయకూడదో వచ్చి చెప్పమని.

బిష్టుపూర్ బజార్లో వకీలు నీలకంఠం తల పట్టుకున్నాడు. "కిస్తీ పెరిగిందని అర్జీ ఎడితే కోర్టే తన సొమ్ము తగ్గించి గడువు పెంచీది కదా! నువ్వే కోసీసి ఎగ్గొట్టినోడివి అయిపోనావు. ఆ ఉత్తరమేది?"

తవిటయ్య జేబులోంచి తీశాడు. అప్పుడు అద్దిన నూనె కుంకుమ ఈ నెలల్లో సరిగ్గా అంకెల మీదికే పాకి, ఎండి నల్లబడింది. కొత్త కిస్తీ ఎంతో పైడితల్లికే తెలియాలి.

జడ్జి ఆ కాగితాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసి ఇదేమిటని హిందీలో అడిగాడు. "డర్ గయా థా, హుజూర్," అని తవిటయ్య తన భయమే చెప్పుకున్నాడు. సొసైటీ నుంచి నకలు తెమ్మని జడ్జి రెండు వారాలు వాయిదా వేశాడు.

ఆ రెండు వారాల్లో ఒకరోజు క్రేన్‌లోంచి కిందకి చూస్తే తవిటయ్యకి జీవితంలో మొదటిసారి ఎత్తంటే భయమేసింది. కళ్లు తిరిగాయి. గోడలకి సున్నం వేసిన చేతులతోనే నూకమ్మ ఆ గోడలు తడుముకుంటూ ఏడ్చేది.

నకలు వచ్చింది. కోర్టు సొమ్ము నలభై ఏడుకి తగ్గించి, గడువు ఏడాది పైగా పెంచాడు జడ్జి. ఇకమీద చెప్పకుండా ఒక్క రూపాయి తగ్గినా వేలమేనన్నాడు.

మరుసటి ఏడు మళ్లీ బెల్లు మోగింది. సొసైటీ ముద్ర. నూకమ్మ అలవాటుగా పసుపు గిన్నె అందుకుంది. తవిటయ్య అన్నం ముందు నుంచి లేచి, ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, కవరు లాక్కుని చెప్పుల్లేకుండా బిష్టుపూర్ పరుగెత్తాడు.

"కిస్తీ ఇంకో ఆరు రూపాయలు పెరిగిందోయ్," అన్నాడు నీలకంఠం చదివి. అతని ఉత్తకాళ్లు చూశాడు. "సెప్పులేవి? ఇంకా బయమేనేటి?"

"బయమే బాబూ. అందుకే పరిగెట్టుకొచ్చీసినాను. అర్జీ రాయండి."